వీపు మీది ముడి

కవబాతా ‘ది ఓల్డ్ కేపిటల్’ (1962) అనగానే నా స్నేహితులకి క్యోటో చెర్రీపూలు గుర్తొస్తాయి. నాకు మాత్రం అది ఒబి కథ. ఒబి అంటే కిమోనో మీద నడుముకి చుట్టి, వెనక ముడివేసే వెడల్పాటి పట్టీ. నిజానికి కిమోనోని బిగించి పట్టేది దాని కింది తాళ్ళే. ఒబి అందం కోసం. పైగా ఆ ముడి కట్టుకున్నామెకి కనపడదు, వెనకున్నవాళ్ళకే.

చియెకో తండ్రి పాల్ క్లే బొమ్మల్లో మునిగి కూతురికో ఒబి డిజైన్ గీస్తాడు. నిషిజిన్ నేతగాడు హిదెయో అందులో వెచ్చదనం లేదనీ, ఏదో జబ్బుతనం ఉందనీ అనేస్తాడు. పెద్దాయన చెంప ఛెళ్ళుమనిపిస్తాడు. (రివ్యూకి ఇంత వెంటనే పారితోషికం ముట్టడం అరుదు.)

అలాంటి నిజాయితీపరుడే పండగ జనంలో చియెకో అనుకుని, ఆమె కవల నాయెకోకి ఒబి నేసిస్తానంటాడు. పొరపాటు తెలిశాక చియెకో, ఆమెకే నెయ్యి అంటుంది: దేవదారు, ఎర్ర పైన్ చెట్ల డిజైన్‌తో. నాయెకో కొండల్లో దేవదారు దుంగలు రుద్ది బతికే పిల్ల.

మొదటిసారి చదివినప్పుడు ఎంత మంచి మనసో అనుకున్నాను. ఈసారి గుచ్చుకుంది. ఆ ఒబి కట్టుకుని వచ్చిన నాయెకోని హిదెయో పెళ్ళాడమంటాడు. తనలో అతను చూస్తోంది చియెకోనే అని ఆమెకి తెలుసు. కవబాతా ఇక హిదెయోని వదిలేస్తాడు, అది నాకు నచ్చలేదు. అడగాల్సింది అతన్నే కదా!

చివర్లో, సన్నటి మంచులో నాయెకో వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోతుంది. చియెకోకి కనిపించేది ఆమె వీపే.