సెప్టెంబరు వాన కోసం కూర్చిన పంట

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో వాన బాగా తక్కువ కురిసే జిల్లాల్లో తమదొకటని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ కాస్త వానైనా వరసగా పడదు. జూలైలో ఒక మంచి పదును దొరుకుతుంది. విత్తనం వేశాక మబ్బులు మొహం చాటేస్తాయి. మళ్లీ గట్టిగా కురిసేది సెప్టెంబరులోనే, ఏడాదిలో అన్ని నెలలకంటే ఎక్కువ వాన ఆ నెలదే. శింగనమల చుట్టూ ఉన్న ఎర్రనేలలు లోతు తక్కువ, నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు. జూలైలో వేసిన మొక్క సెప్టెంబరు దాకా ఎలా బతకాలి? వానొచ్చే వేళకు ఏ దశలో ఉండాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే పనిగా పెట్టుకున్న పరిశోధన స్థానం ఒకటి శింగనమల నియోజకవర్గంలోనే, బుక్కరాయసముద్రం మండలం రేకులకుంటలో ఉంది.

ఇది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత రైతు నాయకుడు రంగా పేరు పెట్టుకున్న విద్యాసంస్థ. 1970లో దేశమంతటికీ కలిపి మెట్ట వ్యవసాయ పరిశోధన పథకం ఒకటి మొదలైంది. అనంతపురం అందులో ఒక కేంద్రం. కొత్త వంగడాల పని ప్రధానంగా ఇదే విశ్వవిద్యాలయానికి చెందిన కదిరి స్థానంలో జరుగుతుంది. మట్టి, నీరు, యంత్రాలు, వాతావరణం, పంటల పొందిక రేకులకుంట చూసుకుంటుంది. శాఖలు వేరైనా అందరి కళ్లూ ఆ సెప్టెంబరు మీదే.

మొదట పువ్వు దగ్గరికి వెళ్దాం, పనితనం అంటే ఏమిటో అక్కడే బాగా తెలుస్తుంది. వేరుశెనగ పువ్వు పొద్దు పొడిచే వేళకు విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. విచ్చుకునేలోపే, పడవ ఆకారంలో మూసుకుని ఉండే లోపలి రేకులో దాని పుప్పొడి దాని కీలాగ్రం మీదే పడిపోతుంది. మరో రకం పుప్పొడితో సంకరం చేయాలంటే ఆ పని జరగకముందే పువ్వును పట్టుకోవాలి. అందుకే ముందురోజు సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను గుర్తుపట్టి, సన్నని పట్టకారుతో రేకులు విప్పి, లోపలి కేసరాలను ఒక్కొక్కటిగా తీసేస్తారు. మొత్తం పది కేసరాలు. పుప్పొడి ఉండేది సాధారణంగా ఎనిమిదింటిలోనే. ఒక్కటి మిగిలినా మొక్క తనతో తానే కలిసిపోతుంది, పుట్టింది సంకరమా కాదా అన్న అనుమానం తరాల పాటు వెంటాడుతుంది. కీలం వెంట్రుకంత సన్నగా ఉంటుంది. చెయ్యి కాస్త గట్టిగా పడితే తెగిపోతుంది.

మర్నాడు తెల్లవారకముందే మళ్లీ రావాలి. మగ రకం పువ్వు తెచ్చి, దాని లోపలి రేకును సుతారంగా నొక్కి, బయటికొచ్చిన పుప్పొడిని ఈ కీలాగ్రానికి అద్దాలి. ఆ కణుపుకు గుర్తుగా రంగు దారం కట్టాలి. అదే కణుపులో మరో మొగ్గ కనిపిస్తే తుంచెయ్యాలి. వారం గడిచాక అక్కడి నుంచి కాయగా మారే ఊడ బయలుదేరిందా, నేలలోకి దిగిందా అని చూడాలి. చాలా పువ్వులు నిలవవు. నిలిచిన ఊడ ఇచ్చేది ఒక్క కాయ, అందులో ఒకటో రెండో గింజలు. అంత శ్రమకు చేతిలో మిగిలేది అదీ. కొత్త వంగడం వంశం ఆ ఒకటి రెండు గింజలతోనే మొదలవుతుంది. అక్కడి నుంచి ఆరేడు తరాలు విత్తి, ఏరి, మళ్లీ విత్తి, లక్షణాలు నిలకడ పడ్డాక వేర్వేరు కేంద్రాల్లోనూ రైతుల పొలాల్లోనూ పరీక్షించి విడుదల చేసేసరికి పదేళ్లు సులువుగా గడిచిపోతాయి.

2005లో వచ్చిన కదిరి 6ను ఇలా చూస్తే దాని విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. మహారాష్ట్ర జలగావ్ నుంచి వచ్చిన జేఎల్ 24 దాని తల్లి. ఇది నూరు రోజులు దాటగానే కోతకొచ్చే గుత్తి రకం. జూలై నడిమిలో విత్తితే ఆగస్టు నడిమికి పూత, ఆగస్టు చివరికి ఊడలు, సెప్టెంబరు సగం నుంచి గింజ పట్టడం. వేరుశెనగ తొలి నెలలో బెట్టను తట్టుకుంటుంది, ఆ తర్వాత వాన పడితే గుంపుగా పూసి బాకీ తీర్చేస్తుంది కూడా. కాయ ఊరే దశలో బెట్ట వస్తే మాత్రం కోలుకోదు. అంటే పైరు కాలాన్ని పది రోజులు అటూ ఇటూ జరపడం కూడా నీళ్లు పెట్టడం లాంటిదే. నాకు ఈ పరిశోధనలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. వాన ఎక్కువ తేలేనప్పుడు, మొక్క దాహాన్ని వాన ఉన్న రోజుల వైపు నెట్టారు.

దీనికి మూల్యం లేకపోలేదు. గుత్తి రకాల గింజకు నిద్రావస్థ ఉండదు. కోత వేళ ముసురు పడితే కాయ నేలలోనే మొలకెత్తుతుంది. ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లకూ చాలా పాత రకాలు లొంగిపోయేవి. ఆ తర్వాత వచ్చిన కదిరి 9, హరితాంధ్ర, అమరావతి వంటివి ఆ లోట్లను ఒక్కొక్కటిగా పూడ్చే ప్రయత్నాలు. 1812 అంకెతో రైతులకు తెలిసిన కదిరి లేపాక్షి ఈ వరసలో తర్వాతిది. అంతకుముందు 1995లో ఒక రకానికి వేమన అని పేరు పెట్టారు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరికి దగ్గరలోదే. పంటకు ఊరి కవి పేరు పెట్టుకున్న ఆ శాస్త్రవేత్తల మీద నాకు ప్రత్యేకమైన గౌరవం.

మూసుకుని ఉండే ఆ పువ్వు ఇంకో కథలోనూ కనబడుతుంది. 2000 ఖరీఫ్‌లో అనంతపురంలో వేరుశెనగ మొక్కలు కాండం నల్లబడి, మొవ్వ ఎండి, చేలకు చేలే చచ్చిపోయాయి. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని లెక్కకట్టారు. అందరూ ముందు పాత మొవ్వుకుళ్లే అనుకున్నారు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరిశీలించి ఇది పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. వైరస్ ఉండేది గట్ల మీది వయ్యారిభామ పుప్పొడిలో. తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి, ఆకును గీరి రసం పీల్చినప్పుడు వైరస్ ఆ గాయాల్లోంచి లోపలికి పోతుంది. వేరుశెనగ పుప్పొడి మాత్రం రేకుల్లో మూసుకుని ఉంటుంది కాబట్టి ఒక వేరుశెనగ మొక్క నుంచి మరోదానికి తెగులు పాకదు. శత్రువు చేను బయటే ఉన్నాడని తెలిసిపోయింది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకెయ్యడం, చేను చుట్టూ నాలుగు వరసలకు తగ్గకుండా జొన్నో సజ్జో వేసి గాలికొచ్చే పురుగును అక్కడే ఆపడం, విత్తనశుద్ధి చేయడం, ఇవీ అప్పటి నుంచి చెబుతున్న ఉపాయాలు. ఖర్చు తక్కువ, ఇంటి మనుషులు చేసుకోగలిగినవి. కారణాన్ని అంత లోతుగా పట్టుకున్నందుకే మందు అంత తేలికైంది.

రేకులకుంట పనుల్లో పత్రికలకు ఎక్కనివి నాకు ఎక్కువ నచ్చాయి. ఎర్రనేలలో తవ్విన సేద్యపు కుంటలో నీళ్లు నిలవవు, ఇంకిపోతాయి. సిమెంటు పూత వేయించుకునే స్తోమత రైతుకు లేదు. అందుకని ఆరుపాళ్లు మట్టి, ఒకపాలు సిమెంటు కలిపి కుంట గోడలకు పూయించారు. ఇంకుడు బాగా తగ్గింది. ఆ నీళ్లతో బెట్ట వేళ ఒక్క తడి ఇవ్వచ్చు. ఆ తడి కూడా పొలం నిండా పారించేది కాదు, స్ప్రింక్లర్లతో పది మిల్లీమీటర్లు. ఊడ దిగే నేల పైపొర మెత్తబడితే చాలు కదా, అంతవరకే కొలిచి ఇచ్చారు.

విత్తనం వేసే అనంత ప్లాంటరూ అలాంటిదే. పూర్వం గొర్రు జడ్డిగంలో గింజలు చేత్తో వదిలేవాళ్లు, ఆ చేయి తిరిగిన ఆడవాళ్లు ఇప్పటికీ ఊళ్లలో ఉన్నారు. కానీ పదును రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది, ఊరంతా ఒకేసారి విత్తాలంటే చేతులు చాలవు. సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 పెట్టి, తడి ఉన్న లోతులో గింజను వదిలే యంత్రం ఆ పదును ఆరకముందే పని ముగిస్తుంది.

ఒకప్పుడు జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశెనగ ఒక్కటే ఉండేది. అది మంచిది కాదని చెప్పిందీ ఈ శాస్త్రవేత్తలే. ఏడు లేదా పదకొండు సాళ్ల వేరుశెనగకు ఒక సాలు కంది వేయమన్నారు, వేరుశెనగ పోయినా లోతు వేరున్న కంది చలికాలం దాకా నిలిచి ఎంతో కొంత ఇస్తుందని. పదును ఆగస్టుకు జరిగితే కొర్ర, అలసంద, ఉలవ వైపు వెళ్లమన్నారు. ఈ సలహా సగమే చేలకు చేరింది. విత్తన రాయితీలూ, నూనె మిల్లులూ, అలవాటూ కలిసి వేరుశెనగనే నిలబెట్టాయి. తప్పు పరిశోధనది కాదని నేను నమ్ముతాను.

చివరిగా విత్తనం మాట. వేరుశెనగ గింజను విస్తరించడం చాలా నిదానం. ఎకరానికి అరవై కిలోలు దాటి గింజలు పడతాయి, వచ్చేది దానికి పదింతలు దాటడం కష్టం. వరిలో ఒక్క పంటతో ఊరికి చాలేంత విత్తనం తయారవుతుంది, ఇక్కడ అదే పనికి రెండు మూడు పంటలు పడతాయి. ఆ పంటలన్నిటిలోనూ, వరస వరసకూ నడిచి, ఆకు రంగు తేడా ఉన్నదీ కొమ్మ పాకినదీ చూసి కేళీలను, అంటే వేరే రకం మొక్కలను, పీకేస్తూ పోవాలి. పూతకు ముందొకసారి, పూతప్పుడొకసారి, కాయ దులిపేటప్పుడు మళ్లీ ఒకసారి. శింగనమల రైతు సంచి విప్పి కదిరి 6 అనుకుని విత్తిన గింజ నిజంగా కదిరి 6 కావడానికి ఎండలో వంగి ఈ పని చేసినవాళ్లే కారణం. వాళ్ల పేర్లు ఏ పరిశోధన పత్రంలోనూ ఉండవు.