ఈథర్‌నెట్ లోపశోధనము : 802.1ఏజీ ప్రమాణముపై విమర్శ

ఈథర్‌నెట్ అను పేరే ఒక చమత్కారము. కాంతి ప్రసరించుటకు “ఈథర్” అను సర్వవ్యాపక పదార్థము అవసరమని ఒకప్పుడు భౌతిక శాస్త్రజ్ఞులు తలచిరి. 1887లో మైకెల్సన్, మోర్లీలు చేసిన ప్రయోగములో దాని జాడ కనబడలేదు. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్ కంప్యూటర్లను కలుపు తీగకు ఆ పాతపేరును పెట్టెను.

ఆ తీగ మొదట ఒక భవనములోనిది. చెడినచో ఆ భవనములోని మనిషియే నిచ్చెన వేసికొని వెదకెడివాడు. తరువాత టెలిఫోను కంపెనీలు ఈ పద్ధతినే ఊరినుండి ఊరికి అద్దె లైనుగా అమ్మసాగినవి. ఒక బ్యాంకు ప్రధాన కార్యాలయమునుండి శాఖకు వార్త పోవలెనన్న, అది ముగ్గురు నలుగురు యజమానుల స్విచ్చిలను దాటవలసి వచ్చును. లైను నిలిచినపుడు ప్రతివాడును తన భాగము బాగుగనే యున్నదనును. ఈ తగవు తీర్చుటకై ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 2007లో 802.1ఏజీ అను ప్రమాణమును వెలువరించినది. పిదప అది 802.1క్యూ అను పెద్ద ప్రమాణములో కలిసిపోయినది.

ఈథర్‌నెట్‌లో వార్త చిన్న చిన్న ముక్కలుగా, అనగా ఫ్రేములుగా పోవును. ఫ్రేము దారిలో నశించినచో పంపినవానికి ఆ సంగతి తెలియదు. ఈ మౌనమునకు అర్థము కల్పించుటయే ఈ ప్రమాణము యొక్క గొప్పతనము. రాత్రివేళ గస్తీవాని కేక వినబడుచున్నంతవరకు ఊరు నిద్రించును. కేక ఆగినచో మేల్కొనును. అట్లే లైను యొక్క రెండు కొనలును నియమిత కాలమునకొక చిన్న ఫ్రేమును పంపుచుండును. దీనికి జవాబు అక్కరలేదు. వ్యవధి 3.33 మిల్లీసెకనులు మొదలు 10 నిమిషముల వరకు ఏడు విధములుగా నిర్ణయింపబడినది. మూడున్నర వ్యవధులు గడచినను కేక రానిచో లోపమున్నట్లు లెక్క.

ఇందులో మరియొక తెలివి గలదు. ‘అ’ కొనకు ‘ఆ’ కొన కేక వినబడనపుడు, ‘అ’ తాను పంపు కేకలో ఒక గుర్తు చేర్చును. దానిని చూచి ‘ఆ’ తన మాట అవతలికి చేరుటలేదని గ్రహించును. దారి ఒకవైపే తెగినట్లు ఇద్దరికిని తెలిసిపోవును. పరాయి లైను పేరుగల కేక వచ్చినచో తీగలెక్కడో తారుమారైనవని అర్థము.

లోపమున్నదని తెలిసిన తరువాత చోటు వెదకుటకు రెండు సాధనములు గలవు. మొదటిది పిలిచి బదులు రాబట్టుట. రెండవది దారి వెంబడి ప్రతి మజిలీచేతను జవాబు చెప్పించుట. ఈ రెండవదానిలో ఒక బలహీనత యున్నది. ఏ చిరునామా ఏ వైపున నున్నదో స్విచ్చి తన పట్టికలో వ్రాసికొనును. ఆ వైపునుండి కొంతకాలము, సాధారణముగా 300 సెకనులు, ఏమియు రానిచో చెరిపివేయును. లైను తెగిన పిమ్మట ఐదు నిమిషములు ఆలస్యము చేసినవానికి దారి చెప్పవలసిన పట్టికయే ఖాళీ! దీనికి విరుగుడుగా, విన్న కేకల జాబితాను మజిలీలు ఎక్కువకాలము దాచుకొనవచ్చునని ప్రమాణము చెప్పుచున్నది. కాని అది తప్పనిసరి కాదు.

అధికారముల పంపకమును కూడ పరిశీలింపవలెను. 0 నుండి 7 వరకు ఎనిమిది అంతస్తులు గలవు. సాధారణముగా పై మూడును వినియోగదారునివి, నడిమి రెండును సర్వీసు అమ్మినవానివి, అడుగు మూడును దారి నడుపువారివి. పై అంతస్తు ఫ్రేము క్రిందివారి కాపలాను తాకక సాగిపోవును. క్రింది అంతస్తు ఫ్రేము తన హద్దు దాటి వెలికి రాదు. తగవు లేకుండుటకిది మంచి ఏర్పాటే. అయితే కంపెనీ తన మజిలీలను వినియోగదారుని అంతస్తులో తెరచి ఉంచనిచో, అతనికి ఆ వ్యవస్థ యంతయు ఒక్క అంగగా కనబడును. అద్దె కట్టువాడు చూడగలిగినది అద్దె తీసికొనువాడు చూపదలచినంతయే. దీనిని మర్యాద యనుటకంటె దాపరికమనుట సబబు.

అన్నిటికంటె పెద్ద లోటు వేరొకటి. నూటికొకటి చొప్పున ఫ్రేములు అక్కడక్కడ రాలిపోవు లైనును తీసికొనుడు. మూడు కేకలు వరుసగా పోవు సంభావ్యత 1/100 × 1/100 × 1/100, అనగా పదిలక్షలలో ఒకటి. సెకనుకొక కేక చొప్పున లోపము ప్రకటింపబడుటకు సగటున పదకొండు పండ్రెండు దినములు పట్టును. విద్యార్థులు కాగితముపై లెక్కించి చూచుకొనవచ్చును. ఈ లోపల బ్యాంకు గుమాస్తా తెర ముందు విసిగిపోవుచునే యుండును. ఫ్రేముల నష్టమును, ఆలస్యమును కొలుచుట 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము ఆమోదించిన వై.1731 అను వేరొక పత్రములోనున్నది. ఆ కొలత లేకుండ కేవలము కేకను చూపి లైను బాగున్నదని చెప్పుట చాలదు.

రెండు స్విచ్చిల మధ్య నాలుగు తీగలను ఒక కట్టగా వాడునపుడు చిక్కు మరింత పెరుగును. చిరునామాలనుబట్టి ఒక్కొక్క ప్రవాహము ఒక్కొక్క తీగపై పడును. కాపలా కేక బాగున్న తీగపై పోవచ్చును. గుమాస్తా పంపిన జమాఖర్చు మాత్రము పాడైన తీగపై పడి నశింపవచ్చును. అప్పుడు కంపెనీవాని తెర మీద లోపము లేదనియే యుండును.