గొట్టాల అడుగున దాగిన వయసు

పాత షికారు రైఫిల్ చేతికి రాగానే మొదట చూడాల్సింది లోపల తూటా ఉందా లేదా అని. లేదని తేలాక అందరి కళ్లూ పైన చెక్కిన కంపెనీ పేరు మీదికే పోతాయి. కానీ పేరును ఎవరైనా, ఎప్పుడైనా చెక్కించుకోవచ్చు. అసలు వయసు కనిపించేది గొట్టాలు విప్పి తిరగేసినప్పుడే.

మన దేశంలో పులుల వేటకు పేరు మోసినవి ఇంగ్లండ్‌లో చేసిన జంట గొట్టాల రైఫిళ్లు. అక్కడ ప్రతి గొట్టాన్నీ మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. లండన్ తుపాకుల తయారీదారుల సంఘానికి 1637లో రాజు అధికారపత్రం వచ్చింది. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813లో మొదలైంది. కిరీటం కింద అడ్డంగా దాటుకున్న రాజదండాలు, వాటి నడుమ బీపీసీ అక్షరాలు ఉంటే అది 1904కు ముందు బర్మింగ్‌హామ్‌లో పరీక్షకు నిలిచిన గొట్టం. కిరీటం కింద బీపీ అని మాత్రమే ఉంటే ఆ తర్వాతిది.

ముద్రల పక్కనే ఉండే అంకెలు ఇంకా ఎక్కువ చెబుతాయి. ‘కార్డైట్ 70, 480’ అని ఉందనుకోండి. 70 గ్రెయిన్ల పొగలేని మందు, 480 గ్రెయిన్ల గుండు అని అర్థం. ఇది .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా కొలత. రిగ్బీ కంపెనీ 1898లో తెచ్చిన తూటా కాబట్టి, ఆ రైఫిల్ అంతకు ముందుది అయ్యే అవకాశం లేదు.

ఇక్కడ మన చరిత్ర తోడొస్తుంది. సైన్యం వాడిన మార్టినీ-హెన్రీ రైఫిల్ గుండు కూడా ఈ .450 బోరుదే. తిరుగుబాటుదారుల చేతికి ఆ గుండ్లు అందుతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 1907లో భారత్, సూడాన్‌లలో ఆ బోరును నిషేధించింది. వెంటనే కంపెనీలు .470, .465 వంటి కొత్త బోర్లు తెచ్చాయి. అందుకే గొట్టం మీద .470 కనిపిస్తే ఆ తూటా కోసం చేసిన రైఫిల్ చాలావరకు 1907 నాటిదో, ఆ తర్వాతిదో అనుకోవచ్చు. ఒక సర్కారు భయం వందేళ్ల తర్వాత మనకు కాలసూచిక అయింది.

వయసు తేలాక విలువ. గొట్టాలను కొక్కెం దగ్గర వేలాడదీసి వేలి కణుపుతో తట్టండి. ఖంగుమని గంటలా మోగితే రెండింటినీ కలిపిన అతుకు గట్టిగా ఉన్నట్టు. మొద్దుగా పలికితే ఎక్కడో అతుకు ఊడినట్టు. ఆ అతుకు మామూలుది కాదు. రెండు గొట్టాల గుళ్లూ దూరాన ఒకేచోట తగిలేదాకా పేల్చి చూసి, కరిగించి, సర్ది, మళ్లీ పేల్చి కూర్చిన పని అది. తర్వాత గొట్టం మీదా, యంత్రం మీదా, ముందు చెక్క మీదా ఉన్న నంబర్లు ఒకటేనా అని చూడాలి. మర గాడి చెదిరిందా, చెక్క అంచు దాని పక్కనున్న ఇనుము కంటే లోతుగా ఉందా అని వేలితో తడమాలి. లోతుగా ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారన్నమాట. ఆ రుద్దుడులో విలువ కూడా పోయింది. నంబరు ఉంటే హాలండ్ అండ్ హాలండ్, రిగ్బీ వంటి కంపెనీలు తమ పాత చిట్టాల్లో చూసి వివరం చెబుతాయి.

కొన్నిసార్లు విలువంతా కథలోనే ఉంటుంది. వేటగాడు జిమ్ కార్బెట్ వాడిన .275 రిగ్బీ చూడటానికి సాదా రైఫిల్. కానీ 1907లో చంపావత్ దగ్గర మనుషుల్ని తినే ఆడపులిని చంపినందుకు లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూయెట్ ఇచ్చారని చెప్పే వెండి పలక దాని మడమ మీద ఉంది. ఆ పలకే దాని ఆస్తి.

1972 వన్యప్రాణి చట్టంతో మన అడవుల్లో వేట ఆగింది. అది మంచిదే. ఇక ఈ రైఫిళ్లకు మిగిలింది సాక్ష్యం చెప్పే పని. తాతల నాటిది ఇంట్లో ఉంటే లైసెన్సు సంగతి ముందు తేల్చుకోండి. దసరాకు ఆయుధ పూజ చేస్తే పొడిగుడ్డతో తుడిచి, కాస్త నూనె రాసి, బొట్టు పెట్టండి. గరుకు కాగితం మాత్రం పెట్టొద్దు. దుమ్ము అనుకుని మనం తుడిచేసేది దాని పుట్టిన తేదీ కావచ్చు.