సమ్మె ముగిశాక మొదలయ్యే పని

2022 నవంబరు 14న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దాదాపు 48 వేల మంది టీచింగ్ అసిస్టెంట్లు (టీఏలు), రీసెర్చ్ అసిస్టెంట్లు, పోస్ట్‌డాక్‌లు సమ్మెకు దిగితే పత్రికలన్నీ రాశాయి. ఆరు వారాలకు సమ్మె ముగిసింది, కొత్త కాంట్రాక్టులు వచ్చాయి. ఆ తర్వాత ఏదో ఒక డిపార్ట్‌మెంటులో ఒక టీఏ తన పని గంటల మీద గ్రీవెన్స్ (కాంట్రాక్టు ఉల్లంఘనపై ఫిర్యాదు) వేస్తే అది వార్త కాదు. కానీ కాంట్రాక్టులో రాసుకున్నది నిజంగా అమలవుతుందో లేదో తేలేది అక్కడే. యాభై శాతం నియామకం అంటే వారానికి సగటున 20 గంటల పని. ఇంకో సెక్షన్ అప్పగించి, ఇంకో కట్ట పేపర్లు దిద్దమంటే ఆ లెక్క దాటిపోతుంది. యూనియన్ లేనిచోట విద్యార్థి ప్రొఫెసర్ దయ మీద ఆధారపడాలి. యూనియన్ ఉంటే దాని ప్రతినిధి అయిన స్టీవార్డ్ పక్కన కూర్చుని గంటల లెక్క చూస్తారు, ఏ నిబంధన తప్పారో వెతుకుతారు. ముందు మాటలతో ప్రయత్నిస్తారు. కుదరకపోతే గడువులోపు లిఖితపూర్వకంగా ఇస్తారు. పై మెట్టులోనూ తేలకపోతే ఆ ఫిర్యాదు బయటి మధ్యవర్తి ముందుకు వెళ్తుంది, ఆయన తీర్పుకు ఇరుపక్షాలూ కట్టుబడాలి. చాలా తగాదాలు అంతదూరం పోవు. పోగలవన్న ఎరుకే వాటిని కిందనే తేలుస్తుంది.

గురుశిష్యుల మధ్య ఈ గ్రీవెన్స్ కాగితాలు చిచ్చు పెడతాయని పెద్దలంటారు. తోసిపారేయదగ్గ మాట కాదు, సిఫార్సు లేఖ రాయాల్సింది ఆ ప్రొఫెసరే. కానీ గ్రీవెన్స్‌కు జవాబు చెప్పాల్సింది యజమాని అయిన విశ్వవిద్యాలయం. చాలా కాంట్రాక్టుల్లో యూనియన్ తన పేరు మీదే దాన్ని వేయొచ్చు. మౌనంగా భరించినప్పుడే మనసులో కక్ష పెరుగుతుంది. మనవాళ్లు ఎందరో ఎఫ్-1 విద్యార్థి వీసాతో ఈ ఉద్యోగాలు చేస్తున్నారు. చదువు సాగే రోజుల్లో క్యాంపస్ పనికి వారానికి 20 గంటలే పరిమితి గనుక, గంటలు మితిమీరితే మొదట ఇరుకున పడేది వాళ్లే. వీసా భయంతో నోరు మెదపనిదీ వాళ్లే. కాంట్రాక్టు హక్కులు మాత్రం వీసాను బట్టి మారవు.

ఆలస్యమవుతుందన్న విమర్శ నిజం. తీర్పు వచ్చేసరికి సెమిస్టరే అయిపోవచ్చు. అందుకే మొదటి వారం నుంచే గంటలు రాసి పెట్టుకోవాలి, ఆధారం లేని బాధను ఏ మధ్యవర్తీ తూచలేడు. ఇంతకన్నా గట్టి చిక్కు ఇంకొకటుంది. మార్కులు, థీసిస్ యోగ్యత లాంటి విద్యా నిర్ణయాలు సాధారణంగా గ్రీవెన్స్ పరిధిలోకి రావు, రాకూడదు కూడా. అయితే రీసెర్చ్ అసిస్టెంటుకు ల్యాబులో జీతం తెచ్చే ప్రయోగమే తరచూ థీసిస్ కూడా. రాత్రి పదకొండింటిదాకా చేసింది ఉద్యోగమా, చదువా? కాంట్రాక్టు దీనికి స్పష్టమైన జవాబు చెప్పనంతకాలం విశ్వవిద్యాలయం చదువే అంటుంది. వచ్చే బేరసారాల్లో యూనియన్లు జీతం అంకె కోసం ఎంత పట్టుబడతాయో, ఉద్యోగానికీ చదువుకూ మధ్య ఈ గీత కోసమూ అంత పట్టుబట్టాలి.