తొంభై అయిదో శవం

లెక్క తేలలేదు. ఉరితీసినవాళ్లు 94 మంది. వరసగా పడుకోబెట్టిన శవాలు 95.

ఎలిస్ పీటర్స్ 1979లో రాసిన ‘వన్ కార్ప్స్ టూ మెనీ’ నవలంతా ఈ ఒక్క తేడాలోంచి పుట్టుకొస్తుంది. కాలం 1138, ఆగస్టు ఎండలు. ఇంగ్లండు గద్దె కోసం స్టీఫెన్ రాజూ, ఆయన మేనమామ కూతురు మాడ్ (మన వరసల్లో మరదలు) కొట్టుకుంటున్నారు. ష్రూస్‌బరీ కోట పట్టుకున్న రాజు, చిక్కినవాళ్లను ఉరితీయించాడు. అంతవరకూ చరిత్రే. ఆ శవాల పక్కన గుట్టుగా ఇంకొకటి చేర్చింది మాత్రం రచయిత్రి. ఎంత ఘోరమైన ఊహ, ఎంత సొగసైన ఊహ!

దాన్ని పట్టుకున్నవాడు బ్రదర్ కాడ్‌ఫెల్. వేల్స్ దేశస్థుడు, క్రూసేడు యుద్ధాలు చూసి, ఓడ నడిపి, నడివయసులో సన్యాసం పుచ్చుకుని మఠంలో మూలికల తోట చూసుకుంటున్నాడు. చచ్చినవాళ్లను శుభ్రం చేసి సాగనంపే పనికి వెళతాడు. ఒక్కొక్కరినీ సర్దుకుంటూ పోతుంటే ఒక కుర్రాడి మెడ దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఉరితాడు ఒరిపిడి కాదది. సన్నని తాడేదో వెనకనుంచి బిగించిన గుర్తు. వేలిముద్రలు, రక్తపరీక్షలు ఏవీ లేని కాలం. ఉన్నవి రెండు చేతులు, చచ్చినవాడిపట్ల కాస్త మర్యాద. ఆ మర్యాదే లేకపోతే లెక్క సరిచూసేవాడే లేడు.

నేను కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌తో డిటెక్టివ్ నవలల రుచి మరిగినవాణ్ణి. అద్దె పుస్తకం, తెల్లారితే తిరిగివ్వాలి. పేజీ తిప్పడమే తెలుసు. ఇక్కడ తిప్పబుద్ధి కాదు. ముఖ్యంగా కాడ్‌ఫెల్ కొట్టంలో అడుగుపెడితే! చూరుకి వేలాడదీసిన ఎండుటాకుల కట్టలు గాలికి గలగలమంటుంటాయి. సన్నని సెగమీద ఏదో మందు కాగుతుంటుంది. ఆ పేజీల్లో ఎక్కడా లేని శొంఠి వాసన కూడా నా ముక్కుకి తగులుతుంది.

ఈ వాసనలు ఊరికే రాలేదు. ఎలిస్ పీటర్స్ అసలు పేరు ఈడిత్ పార్జెటర్. ష్రూస్‌బరీ ఉన్న ష్రాప్‌షైర్ జిల్లాలోనే పుట్టింది, వయసులో ఉండగా మందుల షాపులో పనిచేసింది. మోతాదు అన్న మాటకు బరువెంతో ఆమెకు తెలుసు. 1980లో వచ్చిన ‘మాంక్స్‌హుడ్’ చూడండి. అందులో విషం, కాడ్‌ఫెల్ ఆ పేరుగల మొక్కతో తన చేత్తో కాచిన తైలమే. కీళ్లనొప్పులకు పైన రుద్దితే హాయి, కడుపులోకి వెళితే చావు. మన వైద్యులు శుద్ధి చెయ్యనిదే ముట్టని వత్సనాభి ఆ జాతి మొక్కే. ఎవరికో ఉపశమనం కోసం చేసిన మందు ఒకడి ప్రాణం తీసిందని తెలిసినప్పుడు ఆ సన్యాసి పడే బాధ ముందు, హంతకుడెవరన్న ప్రశ్న కాసేపు చిన్నబోతుంది.

పైగా ఆ కథలో కీలకం ఒక భూమి. అది ఇంగ్లండు చట్టం కిందికొస్తుందా, వేల్స్ చట్టం కిందికా? ఇంతకు మించి చెబితే చదవబోయేవాళ్ల ఉసురు తగులుతుంది. ఆ కథను పన్నెండో శతాబ్దంలోంచి పెకలించి ఇంకెక్కడ నాటినా హత్యే మొలవదు. నాలుగు కత్తులూ రెండు గుర్రాలూ పెట్టి చారిత్రకమంటూ అంటగట్టే నవలలు చదివి విసిగిన నాకు, ఇది పథ్యం తర్వాత పెట్టిన తొలి అన్నం ముద్ద.

లోపాల్లేకపోలేదు. దాదాపు ప్రతి కాడ్‌ఫెల్ పుస్తకంలో ఓ ముచ్చటైన జంటకు ముడిపడాల్సిందే. కాడ్‌ఫెల్ ఔదార్యం ఒక్కోసారి మన కాలంనుంచి అరువు తెచ్చుకున్నట్టుంటుంది. హంతకుణ్ణి సగంలోనే పసిగట్టిన సందర్భాలూ ఉన్నాయి. నాకేం నష్టం లేదు.

మళ్లీ మళ్లీ వెళ్లేది ఆ కోట ముంగిటికే. ఊళ్లోవాళ్లు వచ్చి శవాల మధ్య నడుస్తూ తమవాళ్లను వెతుక్కుంటారు. దొరికినవాళ్లను తీసుకుపోతారు. ఆ కుర్రాడి కోసం ఎవరూ రాలేదు. ఎవరైనా పేరు చెబుతారేమోనని కాడ్‌ఫెల్ కనిపెట్టుకుని ఉంటాడు.