లోభి అన్నది ఎవరి మాట?

‘కన్యాశుల్కం’ పాఠం చెప్పేటప్పుడు లుబ్ధావధాన్లను పిసినారి ముసలివాడుగా పరిచయంచేసి, పిల్లలను నవ్వించి ముందుకు సాగిపోవడం మనలో చాలామందికి అలవాటు. నేనూ కొన్నేళ్ళు అదే చేశాను. అది పొరపాటని ఇప్పుడు అనుకుంటున్నాను.

పిసినారి అంటే ఇవ్వనివాడు. ఎంగిలిచేత్తో కాకినైనా తోలడంటాం. కాని ‘లుబ్ధుడు’ అన్న మాటకు అసలు అర్థం ఆశపడేవాడు. సంస్కృతంలో వేటగాడిని లుబ్ధకుడంటారు. కృపణుడు, కదర్యుడు వంటి మాటలుండగా గురజాడ ఈ మాటనే ఏరుకున్నాడు. అవధాన్లకు దమ్మిడీ ఖర్చంటే ప్రాణం పోయినట్టుంటుంది, నిజమే. అయినా పసిపిల్లను కొనడానికి రొక్కం తీయ సిద్ధపడతాడు. మరి అమ్మేవాడో? పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యం కళ్ళెదుట ఉండగానే రెండోదాన్నీ బేరం పెట్టిన అగ్నిహోత్రావధాన్లకు కోపిష్ఠి అన్న పేరే వచ్చింది, లోభి అన్న పేరు రాలేదు. 1892లో మొదట ప్రదర్శించి, 1909లో తిరగరాసి ప్రకటించిన ఈ నాటకంలో అన్నిటికన్నా పదునైన వ్యంగ్యం ఈ రెండు పేర్లలోనే ఉందని నా నమ్మకం. కొనేవాడి దగ్గర డబ్బు కనిపిస్తుంది. అమ్మేవాడి దగ్గర ఆచారం అడ్డు నిలుస్తుంది.

మాటల సంగతి వచ్చింది కనుక ఇంకొకటి. అమరకోశం లోభికిచ్చిన పర్యాయపదాలలో ‘మితంపచుడు’ ఒకటి. కొలిచి వండేవాడని అర్థం. ఇది చెప్పిన రోజున ఒక విద్యార్థిని లేచి, “మా అమ్మ రోజూ గ్లాసుతో కొలిచే ఎసట్లో పోస్తుంది సార్. పని దొరకని రోజుల్లో అందులోంచీ గుప్పెడు వెనక్కి తీస్తుంది” అన్నది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. ఆ ఇంట్లో కొలతను నిర్ణయించేది కూలిరేటు. దాన్ని దుర్గుణమన్నవాడు పొయ్యి దగ్గర కూర్చున్నవాడై ఉండడు, విస్తరి ముందు కూర్చున్నవాడై ఉంటాడు.

మన కవులు చాలాకాలం ఆ విస్తరి ముందే కూర్చున్నారు. రాజులనూ జమీందార్లనూ నమ్ముకుని బతికినవాళ్ళకు దాత దేవుడు, లోభి పురుగు. ఆ దాత పంచిన ధాన్యం ఏ రైతు కళ్ళంలోదో అడిగిన చాటుపద్యం నాకింతవరకు తారసపడలేదు. వేమన సంగతి వేరు. లోభిని అతనూ తిట్టాడు, కాని ఏ ఆస్థానంలోనూ చేయి చాచి తిట్టలేదు.

ఈసారి నా ప్రశ్నపత్రంలో ‘లుబ్ధావధాన్ల లోభత్వాన్ని వర్ణించండి’ అన్న పాత ప్రశ్న తీసేశాను. సుబ్బి వెల ఎవరి చేతికి చేరవలసి ఉందో, అతన్ని నాటకంలో ఏమని పిలిచారో రాయమన్నాను.