బొమ్మ రైలుకు డిజిటల్ పగ్గాలు - ఖర్చుకు తగ్గ ఫలమేనా?

రాయపూర్-ధంతరి చిన్నగేజి బండి ఎక్కినవారికి దాని నింపాది నడక గుర్తుండే ఉంటుంది. 762 మిల్లీమీటర్ల ఆ పట్టాల స్థానంలో బ్రాడ్‌గేజి వేశారు. 2025 మార్చిలో అభన్‌పూర్ వరకు మెము రైలు మొదలైంది. పాత బండిని మళ్ళీ నడిపించాలంటే ఇక బల్లమీద నమూనాగానే. 1:87 నిష్పత్తిలో చేస్తే పట్టాల నడిమి దూరం 8.76 మి.మీ. అవుతుంది. కనుక బజారులో దొరికే 9 మి.మీ. పట్టాలు సరిపోతాయి. చిక్కల్లా నియంత్రణ దగ్గరే వస్తుంది.

పాత పద్ధతిలో పట్టాలకిచ్చే డి.సి. వోల్టేజిని హెచ్చించి, తగ్గించి వేగాన్ని మారుస్తాం. ఒకే పట్టాపై రెండు ఇంజన్లుంటే రెండూ కదులుతాయి. విడివిడిగా నడపాలంటే పట్టాలను భాగాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి స్విచ్చి పెట్టాలి. డి.సి.సి. అనే డిజిటల్ పద్ధతిలో పట్టాలపై వోల్టేజి స్థిరంగా ఉంటుంది; ధ్రువాలు మాత్రం చకచకా మారుతుంటాయి. ఒక్కో మార్పు నడుమ వ్యవధి 58 మైక్రోసెకన్లయితే ‘1’, 100 లేదా అంతకు మించితే ‘0’. ఇంజన్‌లోని డీకోడర్ తన చిరునామాకు వచ్చిన ఆజ్ఞనే పాటిస్తుంది.

ఇక ఖర్చు సంగతి. పాత పద్ధతిలో ఖర్చు పట్టాల భాగాలను బట్టి పెరుగుతుంది; డిజిటల్‌లో ఇంజన్లను బట్టి పెరుగుతుంది. కేంద్ర పరికరం ఒకసారే కొంటారు, డీకోడర్ మాత్రం ప్రతి ఇంజన్‌కూ కావాలి. పరికరం ధర పది డీకోడర్ల ధరకు సమానమనుకోండి. రెండు ఇంజన్లున్న వారికి ఇంజన్‌కు ఆరు డీకోడర్ల ఖర్చు. పది ఇంజన్లున్న వారికి రెండే! పైగా బొమ్మలపై దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. విదేశీ కేటలాగులోని ధర చూసి లెక్క వేసుకోకండి.

ప్రకటనలు 128 వేగపు మెట్లను గొప్పగా చెబుతాయి. నెమ్మదిగా సాగే చిన్నగేజి బండికి మోటారును సరిచూస్తూ నడిపే డీకోడరే ముఖ్యం. డీకోడర్ ఏ కంపెనీదైనా ఉమ్మడి ప్రమాణం వల్ల పనిచేస్తుంది. కాని చేతిలో పట్టుకునే నియంత్రికల అనుసంధానం ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఒకసారి ఒకరిది కొంటే తర్వాత వారినే ఆశ్రయించాల్సి వస్తుంది. ఈ లోపాన్ని ప్రకటనలు చెప్పవు.

టంకం పట్టడం వచ్చినవారికి మూడో దారి ఉంది. ఆర్డునో మెగా బోర్డు, మోటారు షీల్డు, డి.సి.సి.-ఇ.ఎక్స్. అనే ఉచిత ప్రోగ్రాముతో కేంద్ర పరికరాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. సాధారణ షీల్డు ఒక్కో మార్గానికి 2 ఆంపియర్లే ఇస్తుంది. చిన్న నమూనాకు అది చాలు. పొరపాట్లు వెతికి దిద్దుకునే ఓపిక మాత్రం ఉండాలి.

అన్నిటికీ ఒకే శత్రువు దుమ్ము. పట్టాపై మురికి పేరుకుంటే డీకోడర్‌కు విద్యుత్తు, ఆజ్ఞ రెండూ తెగిపోతాయి. చిన్న ఇంజన్‌లో దాన్ని ఆదుకునే కెపాసిటర్‌కు చోటుండదు. పాత ఇంజన్ అయితే మోటారు బ్రష్షులను చట్రం నుంచి వేరుచేశాకే డీకోడర్ బిగించాలి. లేకుంటే అది మాడిపోతుంది.

కనుక, పాఠకులారా, మీకు ఉన్నది ఒకటో రెండో ఇంజన్లయితే స్విచ్చులే మేలు. నాలుగైదు దాటితే, చేతిపని వస్తే మూడో దారి పట్టండి. కంపెనీ సెట్టు కొనేది చివరి మాటగానే ఉండాలి. ఏది కొన్నా, మొదట ఒక్క ఇంజన్‌కు డీకోడర్ బిగించి నెల రోజులు నడిపి చూశాకే మిగతావాటి జోలికి పోండి.